వానకు ముందరి పనులు

మొన్న మేనకోడలి కొడుకు అన్నప్రాసనకని బరంపురం వెళ్ళినప్పుడు, బడాబజారు వెనక సందులో ఒక పాత గుడికి మరమ్మతు జరుగుతూ కనిపించింది. గోడ పక్కన తవ్విన గోతిలో రాతిసున్నం గడ్డలు పోసి, కూలీలు పైనుంచి నీళ్ళు వదులుతున్నారు. గడ్డలు బుసబుసమని పగిలి, తెల్లటి ఆవిరి సందంతా కమ్ముకుంది. అటు తడిమట్టి వాసనా కాదు, ఇటు రంగుల వాసనా కాదు; ముక్కులో ఘాటుగా దూరి గొంతులో గీరుకునే ఆ వాసన తగిలి ఎన్నేళ్ళయిందో చెప్పలేను. మేనకోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ముందుకు సాగిపోయింది. నేను మాత్రం పనివాళ్ళకు అడ్డంగా, కదలమని వాళ్ళు చెప్పేదాకా అక్కడే నిలబడిపోయాను.

మా తాత తాపీ మేస్త్రీ. ఆయన పని నేర్చుకునే నాటికి గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యాక, ఆయన చేతికింద పనిచేసేవాళ్ళూ మారలేదు, పని పెట్టించుకునేవాళ్ళూ మారలేదు; కాగితాల మీద భాష మాత్రం మారింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పనిలో రెండూ కలగలిసిన మాట. తూకపుగుండు దారాన్ని ఒక కన్ను మూసి చూస్తూ తెలుగులో తిట్టి, ఒడియాలో బుజ్జగించేవాడు. పెద్దయ్యాక నేను సివిల్ డిప్లొమా చదివి ఓవర్సీరునయ్యాను. ఇళ్ళూ, బడులూ, కల్వర్టులూ చూసే ఉద్యోగంలోనే తల నెరిసింది. ఇప్పుడు చెప్పబోయేదంతా తాత దగ్గర చూసినదీ, ఉద్యోగంలో చూసినదీ కలిపి.

*

సున్నం గానుగ మా ఇంటి వెనక దిబ్బ మీద ఉండేది. రాళ్ళు పరిచిన గుండ్రటి కాలువ, మధ్యలో గుంజ, గుంజకు అమర్చిన కాడి, కాలువలో దొర్లే రాతిచక్రం, దాన్ని లాగుతూ ఒక జత ఎద్దులు. చల్లార్చిన సున్నం, ఇసుక, ఇటుకపొడి ఆ కాలువలో పోసి, నీళ్ళు చల్లుతూ పూటలకు పూటలు తిప్పేవారు. రాతిచక్రం గరగరమనే చప్పుడు, ఎద్దుల మెడగంటలు, వాటిని అదిలించే కుర్రవాడి అరుపు కలిసి మా వీధికి పొద్దెక్కిందని చెప్పేవి. సున్నం రెండు రకాలుగా వచ్చేది. రాతిసున్నం కొన్నది. గుల్లసున్నం చిలికా సరస్సు వైపు నుంచి బళ్ళ మీద వచ్చేది, సరస్సులో దొరికే గుల్లలను కాల్చి చేసినది. గోడలు కట్టడానికి మొదటిది, పైపూతకు రెండవది. ఏజెన్సీ నుంచి సంతకు వచ్చిన కరక్కాయలను నానబెట్టిన నీళ్ళూ, బెల్లపు నీళ్ళూ చివర్లో పడేవి. బెల్లం కోసం గానుగ చుట్టూ తిరిగే పిల్లల్లో నేనూ ఒకణ్ణి. ఆ మాట దాచుకోవలసిన పని లేదు.

సున్నం పదునుకు వచ్చిందో లేదో తాత చూసే తీరు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాస్త తీసుకుని నలిపేవాడు. ఇసుక పలుకు తగిలితే మళ్ళీ తిప్పమనేవాడు. తరవాత తాపీ నిండా తీసుకుని, మెల్లగా బోర్లించి, మనసులో ఏవో అంకెలు లెక్కపెట్టుకునేవాడు. ముద్ద జారకుండా తాపీని పట్టుకుని వేలాడితే, "ఎత్తండ్రా" అనేవాడు. జారితే ఏమీ అనేవాడు కాదు, గానుగ దగ్గర నుంచి లేచి వెళ్ళిపోయేవాడు. ఆ మౌనానికే కుర్రవాళ్ళు భయపడేవారు.

ఇటువంటి సున్నానికి ఒక గుణముంది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు వదిలేసి సున్నమవుతుంది. గోడలో చేరాక ఏళ్ళ తరబడి గాలిలోని అదే వాయువును మెల్లమెల్లగా పీల్చుకుంటూ మళ్ళీ రాయిలా గట్టిపడుతుంది. సిమెంటుకు 1450 డిగ్రీల దాకా వేడి కావాలి. ప్రపంచమంతటా మనుషుల వల్ల వెలువడే బొగ్గుపులుసు వాయువులో సుమారు 8 శాతం సిమెంటు తయారీదేనని ఇప్పుడు లెక్క కడుతున్నారు. అలాగని పాత బట్టీలు పుణ్యం చేశాయని నేననను. వాటిలో కాలినది కట్టెపుల్లలూ అడవి దుంగలే. కానీ సున్నపు గోడకు సన్నటి పగులు వచ్చినా, వాననీరు లోపలి సున్నాన్ని కరిగించి ఆ పగులులో పేర్చి, దాన్ని కొంతవరకు పూడ్చేస్తుంది. తాతకు ఈ రసాయనం తెలియదు. "గోడ నీళ్ళు తాగి మానుతుంది" అనేవాడు.

*

మిద్దె వేసే రోజులు పిల్లలకు తిరునాళ్ళ వంటివి. సాలు దూలాల మీద పల్చటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో, సున్నంతో పేర్చేవారు. కింద నుంచి ఆనింపు లేకుండా ఇటుక ఇటుకను పట్టుకుని ఎలా నిలుస్తుందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఆపైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కాంక్రీటు పరిచేవారు. అప్పుడు ఆడవాళ్ళు వచ్చేవారు. చేతికి ఒకటిగా కొయ్యపలకలు పట్టుకుని, రెండు వరసలుగా ఎదురెదురు కూర్చుని, దిమ్మిస పాటలు పాడుతూ, పాట ఊపుకు తగ్గట్టు కొట్టుకుంటూ వెనక్కి జరిగేవారు. ఒకామె పాడితే మిగిలినవాళ్ళు అందుకునేవారు. అత్తగారి మీద, మేస్త్రీ మీద, మధ్యాహ్నం రాని గంజి మీద అప్పటికప్పుడు చరణాలు కట్టేవారు. తాత తన మీద వచ్చిన చరణాలు వినబడనట్టు నటించేవాడు. అలా రోజుల తరబడి కొట్టాక, పలక దెబ్బకు బొదబొదమనే మిద్దె ఒకనాడు కణకణ మోగేది. ఆ మోతను విని పని ఆపమనేవాడు. దాని మీద పెంకుబిళ్ళలు అతికి, నీటి వాలు చూసి, తూముల దగ్గర సున్నం మెత్తి పూర్తి చేసేవారు.

ఆ మిద్దె కింద ఎండాకాలం మధ్యాహ్నం పడుకోగలిగేవాళ్ళం. ఇది పాతకాలపు మోజుతో అంటున్న మాట కాదు. అంత మందం పొరలోకి ఎండ దిగడానికి సాయంత్రం అయ్యేది. సాయంత్రం కాగానే సముద్రపు గాలి మొదలయ్యేది.

*

మా ఇల్లు వీధిలోని మిగతా ఇళ్ళ లాగే ఇరుకైన ముఖంతో, రైలుపెట్టెలా పొడుగ్గా వెనక దొడ్డిదాకా సాగిపోయేది. అరుగు, నడవ, గది, మండువా, వంటిల్లు, నుయ్యి, పశువులశాల. ఇరుగుపొరుగులతో గోడలు ఉమ్మడి. గాలివానకు ఎదురుగా నిలిచేవి వీధి చివరి ఇళ్ళ పక్కగోడలు రెండే; మిగతా ఇళ్ళు ఒకదాన్నొకటి కాచుకునేవి. అందుకే ఆ చివరి గోడలను మందంగా కట్టి, వాటికి కిటికీలు పెట్టేవారు కారు. మండువాలోకి నాలుగు వైపుల నుంచీ వాలే పెంకుల కప్పు వాననీటిని కింద రాతి తొట్టెలో పోసేది. అక్కడి నుంచి మూత వేసిన కాలువ దొడ్డి నూతి పక్క గుంట దాకా పోయేది. వేసవిలో మా నుయ్యి ఎండలేదని నాయనమ్మ గొప్పగా చెప్పుకునేది. గొప్ప నూతిది కాదు, కాలువది.

కానీ ఆ ఇల్లు దానంతట అది నిలబడలేదు. ఈ విషయం పాత ఇళ్ళ గురించి ముచ్చటగా మాట్లాడేవారు తరచుగా మరిచిపోతారు. వైశాఖంలో పనులు మొదలయ్యేవి. పెంకులన్నీ దించి, పగిలినవి ఏరి, మిగిలినవాటిని తిరగవేసేవారు. దూలాల చివరలు గోడలోకి చొచ్చుకుపోయే చోట చెద పట్టకుండా జీడినూనె పూసేవారు. ఆ నూనె చేతికి తగిలితే బొబ్బలెక్కేది గనక పిల్లలను దూరంగా ఉంచేవారు. గోడ పగుళ్ళలో మొలిచిన రావిమొక్కను పైకి కోసి ఊరుకోకుండా, వేరుదాకా తవ్వి, అక్కడ సున్నం దట్టించేవారు. తూముల్లోని ఆకులు తీసేవారు. గోడలకు వెల్ల వేసేవారు. ఇదంతా ఒడియావాళ్ళ పండుగ రజ సంక్రాంతి లోగా అయిపోవాలి. ఎందుకంటే ఆ మూడు రోజులూ భూమికి విశ్రాంతి, గడ్డపార పట్టకూడదు, ఆ తరవాత వానలు ఆగవు. మళ్ళీ దసరాకు ముందు, గాలివానల రోజుల కోసం రెండవ విడత పనులు: కప్పు మీద నుంచి పీచుతాళ్ళు బిగించడం, తలుపుల అడ్డగడియలు సరిచూడడం.

మా నాన్న పద్దుల పుస్తకంలో ప్రతి ఏడూ "ఇంటి మరమ్మతు" అని ఒక పేజీ ఉండేది. పెంకులు, జీడినూనె, సున్నం, కూలి. పెళ్ళిళ్ళు జరిగిన ఏడాది పేజీ సగమే నిండేది కానీ, పేజీ లేని ఏడాది లేదు.

*

మా అమ్మమ్మగారి ఊరు గోపాల్‌పూర్‌కు దక్షిణంగా, సముద్రానికి దగ్గరగా ఉండేది. ఆ తీరం వెంట తెలుగు మాట్లాడే మత్స్యకారుల పేటలు ఇప్పటికీ వరసగా ఉన్నాయి. సముద్రానికీ ఊరికీ మధ్య ఇసుకదిబ్బలు, దిబ్బల మీద మొగలిపొదలు, వాటి వెనక సరుగుడు తోటలు. మొగలిపువ్వు అత్తరు బట్టీలకు పోయి డబ్బు తెచ్చేది. పొద వేళ్ళు దిబ్బను కదలకుండా పట్టుకునేవి.

ఊళ్ళో అప్పటికి చాలావరకు చుట్టిళ్ళే. గుండ్రటి మట్టిగోడ, మీద తాటాకు కప్పు, చూరు ఎంత కిందికి ఉండేదంటే పెద్దవాళ్ళు నడుం వంచి లోపలికి పోవాలి. గోడ మట్టిలో వరిగడ్డి కలిపి కాళ్ళతో తొక్కి, రోజుకు మూరెడు ఎత్తు చొప్పున వరస వేసి, ఆరనిచ్చి, తరవాతి వరస వేసేవారు. లోపలి గది మీద వెదురు తడిక పరిచి, దానిపై మట్టి మెత్తి అటక చేసేవారు. కప్పు అంటుకున్నా అటక కింద ధాన్యం, బట్టలు దక్కేవి. గాలికి ఎదురు నిలబడడానికి అక్కడ మూల అన్నదే లేదు; గాలి గోడను తడుముకుంటూ రెండు పక్కలకూ చీలిపోయేది. కప్పు వాలు ఎక్కువ గనక పైకి లేపే లాగుడు తక్కువ. పైగా దసరా ముందు, పనికిరాని పాత వలలను కప్పు మీద పరిచి, అంచులకు రాళ్ళు కట్టి వేలాడదీసేవారు. మామయ్య వల పరుస్తుంటే కింద నుంచి రాళ్ళు అందించడం నా పని.

గాలివాన వచ్చిన రాత్రి ఒకటి గుర్తుంది. మామయ్య గాలి వచ్చే వైపు తలుపు మూసి, దానికి రోలు అడ్డం పెట్టి, పోయే వైపు తలుపు ఓరగా తెరిచి ఉంచాడు. అదేమిటని అడిగాను. "లోపలికొచ్చిన గాలికి పోనానికి దారి లేకపోతే కప్పెత్తుకుపోద్దిరా గుంటా" అన్నాడు. కొంతసేపటికి గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. బయటికి పోబోయిన పిల్లలను అమ్మమ్మ చెయ్యి పట్టి లాగింది. మామయ్య ఏమీ మాట్లాడకుండా రోలును దొర్లించుకుంటూ రెండవ తలుపు దగ్గరికి మార్చాడు. తుపాను కన్ను దాటాక గాలి ఎదురుదిక్కు నుంచి తిరగబడుతుందని నేను పాఠంలో చదివింది చాలా ఏళ్ళ తరవాత.

ఆ ఇళ్ళను పొగుడుతూ ఒక నిజాన్ని దాటవేయడం అన్యాయం. తాటాకు ఇల్లు గాలిని కాచుకోగలదు, ఉప్పెనను కాదు. అదాటున నీరు మీదికొస్తే మట్టిగోడ కరిగి కూలుతుంది. వేసవిలో ఒక పొయ్యి నిప్పురవ్వకు పేటంతా బూడిదయ్యేది. అమ్మమ్మ ఊళ్ళో అందరికీ పక్కా ఇల్లు కావాలనిపించిందంటే అది మోజు కాదు, భయం.

*

సిమెంటు మా చిన్నప్పుడు పర్మిటు సరుకు. బస్తాలు కావాలంటే అర్జీ పెట్టుకుని తిరగాలి. 1982లో కేంద్రం నియంత్రణను పాక్షికంగానూ, 1989లో పూర్తిగానూ తొలగించింది. ఆ మధ్య కాలంలోనే మా దిబ్బ మీద గానుగ ఆగిపోయింది. రాతిచక్రం కొన్నాళ్ళు బట్టలుతికే బండగా పనికొచ్చింది. దిమ్మిస పలకలు పట్టిన ఆడవాళ్ళు కాంక్రీటు గమేళాలు మోయడానికి మారారు. మిక్సరు మోతలో పాట వినబడదు, అందుకని పాడడం మానేశారు.

మా ఇంటి ముందు సగం తీసేసి శ్లాబు వేశారు. శ్లాబు వేసిన కంట్రాక్టరు నాన్నతో, "ఒక్కసారి వేశామంటే మీ మనవల దాకా ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు. ముట్టుకోనక్కర్లేదన్న ఆ మాటే మా ఊళ్ళో సిమెంటును అమ్మింది. గట్టిదనం కన్నా ఆ మాటకే జనం డబ్బు పెట్టారని నా ఉద్దేశం. పద్దుల పుస్తకంలో మరమ్మతు పేజీ ఆ తరవాత లేదు. తూములో ఆకులు తీసేవారు లేక, శ్లాబు మీద నీళ్ళు నిలిచి, లోపలి ఊచల దాకా ఇంకాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. పట్టిన చోటు చాలక చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర పెచ్చు ఊడి మజ్జిగ గిన్నెలో పడింది. సున్నపు మిద్దె ఉన్న వెనక సగంలోకి అందరం కంచాలు తీసుకుని వెళ్ళాం.

శ్లాబు తప్పు చేసిందని కాదు. దానికీ కాపలా కావాలి, ఆ సంగతి దాన్ని అమ్మినవారు చెప్పలేదు.

*

ఉద్యోగంలో మొదటి ఏళ్ళు తీరం వెంట బడి గదులు కట్టించడంతో గడిచాయి. అక్కడ మాకు శత్రువు ఉప్పు. ఏటి ఇసుక దూరం నుంచి తేవాలి, సముద్రపు ఇసుక కాలికింద ఉంది. రాత్రికి రాత్రి బండి మారిపోయేది. నా కింద పనిచేసిన ఒక ముసలి మేస్త్రీ కుప్పలో నుంచి చిటికెడు ఇసుక తీసి నాలుక మీద వేసుకుని, ఉమ్మేసి, "ఇది మన బండి కాదు బాబూ" అని చెప్పేవాడు. నేనూ నేర్చుకున్నాను. ప్రయోగశాల ఫలితం వచ్చేసరికి శ్లాబు ఆరిపోయి ఉండేది. నాలుక ఫలితం అప్పటికప్పుడే. ఊచల కింద కాంక్రీటుకు ఎడం ఉంచే కవరింగు బిళ్ళలకు బదులు కంకరరాళ్ళు పెట్టి సరిపెట్టే చోట, రాయి పక్కకు జారి ఊచ అడుగుకు అంటుకునేది. అటువంటి గదుల్లో ఏళ్ళు తిరగకుండానే ఊచల వరసలు కప్పు మీద ఎర్రటి గీతలుగా బయటపడేవి. పిల్లలు వాటిని లెక్కపెట్టేవారు.

తరవాత పర్లాకిమిడి వైపు కొండదారుల పనికి వేశారు. అక్కడ శత్రువు నీరు. మహేంద్రతనయ, వంశధారల్లోకి దిగే గెడ్డలు ఎండాకాలం మేకలు దాటేవి. వానలో ఏనుగును దొర్లించగలవు. పాతకాలపు రాతి కల్వర్టులు కమానుతో, వెడల్పుగా ఉండేవి. కొన్ని చోట్ల వంతెన కాక చప్టా ఉండేది: వరద వస్తే చప్టా మునుగుతుంది, రెండు పక్కలా బళ్ళు ఆగిపోతాయి, నాలుగు గంటలకో పూటకో నీరు దిగుతుంది, చప్టా బురద కడుక్కుని పైకి తేలుతుంది. ఆగిన జనం బెల్లం టీ తాగుతూ కూర్చునేవారు. ఆ ఆగడం వెనకబాటుతనమని, చప్టాలు తీసి గొట్టాల కల్వర్టులు వేశారు. సన్నటి గొట్టాలకు కొట్టుకొచ్చిన దుంగలు అడ్డం పడితే నీరు పక్కన మట్టికట్టను కోసుకుని పోతుంది. అప్పుడు ఆగేది పూటకు కాదు, నెలకు.

ఆ దారుల మీద గ్యాంగు కూలీలు ఉండేవారు. ఒక్కొక్క ముక్కకు కొందరు, అక్కడి సవర ఊళ్ళవాళ్ళే. జ్యేష్ఠంలో కల్వర్టు గొంతులు శుభ్రం చేయడం, పక్కకాలువలు తవ్వడం, కొండవాలు నుంచి జారిన రాళ్ళు తీయడం వాళ్ళ పని. ఎక్కడ కొండ చెమ్మగిలిందో, ఏ చెట్టు వాలిందో వాళ్ళకు తెలిసేది. చెప్పడానికి ఒక మనిషీ ఉండేవాడు. పదవీ విరమణలు జరుగుతున్న కొద్దీ ఆ చోట్లు నింపలేదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా కొండల మీద వాన కుమ్మరించింది. కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు, దారులు తెగాయి. అంత వానను ఏ గ్యాంగూ ఆపలేదని నాకు తెలుసు. కానీ ఆ తరవాత నేను నడిచి చూసిన కల్వర్టుల్లో కొన్నిటి గొంతుల్లో ఆ ఏటి దుంగల కింద అంతకు ముందటేళ్ళ మట్టి పొరలు పొరలుగా గట్టిపడి ఉంది.

*

1999 అక్టోబరులో మాకు రెండు తుపాన్లు. 17న ఒకటి గోపాల్‌పూర్ దగ్గర దాటింది. మా ఊళ్ళు దాని దెబ్బ తిన్నాయి. 29న రెండవది, సూపర్ సైక్లోను, పారాదీప్ దగ్గర దాటి సుమారు 10,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ ఏడాదే రాష్ట్రం విపత్తుల నిర్వహణకని ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టింది. తీరం వెంట తుపాను షెల్టర్లు లేవడం మొదలైంది. స్తంభాల మీద ఎత్తుగా, కింద నీరు పారేందుకు ఖాళీగా, ముసలివాళ్ళకూ పశువులకూ వాలుబాటతో.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లకు పైన. గాలి వేగం రెండింతలైతే గోడ మీద తోపుడు నాలుగింతలవుతుందని కుర్ర ఇంజినీర్లకు చెప్పేవాణ్ణి. ఆ రాత్రి ఆ లెక్కను చెవులతో విన్నాను. రేకులు తెగి వీధిలో గోడలకు కొట్టుకునే చప్పుడు తప్ప దసరా సంబరాల చప్పుడు లేదు. తెల్లారేసరికి వీధంతా ఆస్‌బెస్టాస్ ముక్కలు, కూలిన కరెంటు స్తంభాలు, ఆకు ఒక్కటీ లేని చెట్లు. సరుగుడు తోటలు నేలకు ఒరిగాయి. ఒడిశాలో పది లక్షలకు దగ్గరగా జనాన్ని ముందే తరలించారు గనక మృతులు యాభై లోపే. అమ్మమ్మ ఊరివాళ్ళు షెల్టరులో, బడిలో తలదాచుకుని బతికారు. చుట్టిళ్ళలోనే ఉండి ఉంటే బతికేవారని చెప్పే ధైర్యం నాకు లేదు.

మా ఇంట్లో శ్లాబు సగం చెక్కుచెదరలేదు. వెనక సగంలో మండువా పెంకులు మూడో వంతు లేచిపోయాయి. వాటిని నేనూ తమ్ముడూ పక్కింటి కుర్రవాళ్ళూ దొడ్లో ఏరుకుని, కరెంటు వచ్చేలోగానే తిరిగి పేర్చుకున్నాం. ఆ చీకటి రోజుల్లో ట్యాంకుకు నీళ్ళెక్కని శ్లాబు ఇళ్ళవాళ్ళు మా నూతికి వచ్చి చేదుకుని వెళ్ళారు. చేతితో బాగుచేసుకోగలిగిన దానికి ఒక విలువ ఉంది, దాన్ని ఏ కొలతల పుస్తకంలో ఎక్కించాలో నాకు ఇప్పటికీ తోచదు.

కొలతల పుస్తకాలు మారకపోలేదు. గాలి బరువులు లెక్కకట్టే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగాన్ని 2015లో సవరించినప్పుడు, తూర్పు తీరానా గుజరాత్ తీరానా 60 కిలోమీటర్ల లోపలిదాకా, తుపాను తరవాత కూడా పనిచేయవలసిన ఆసుపత్రులూ షెల్టర్లూ వంటి కట్టడాలకు గాలి వేగాన్ని 1.30 రెట్లు చేసి లెక్కించాలన్నారు. ఫైలిన్ తరవాత గంజాం తీరాన ప్రపంచ బ్యాంకు సాయంతో, గాలికీ వరదకూ తట్టుకునేలా కొత్త ఇళ్ళ కాలనీలూ లేచాయి. వాటిలో పునాది దగ్గర, లింటెల్ దగ్గర గోడల చుట్టూ తిరిగే కాంక్రీటు బెల్టులు సక్రమంగా వేశారు. నేను వెళ్ళి చూశాను, వేలు పెట్టి చూపే లోపం దొరకలేదు. వంటిల్లు చాలక జనం ముందువైపు రేకుల పంచలు దించుకున్నారు, ఆ రేకుల కొక్కేలు సన్నవి. వచ్చే తుపానులో ముందు లేచేవి అవే.

*

ఉద్యోగం మానాక, అమ్మమ్మ ఊరి షెల్టరు కమిటీవాళ్ళు సలహాకని నన్ను పిలుస్తున్నారు. షెల్టర్ల నిర్వహణకు ఊరి కమిటీ, దానికో మూలనిధి ఉండే ఏర్పాటు మన దగ్గర మంచిది. ఇక్కడ కింది అంతస్తులో పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, వల బాగుచేతలు జరుగుతాయి. తాళం వేసి ఉంచిన షెల్టరు కన్నా ఇటువంటిది మెరుగు. ఎందుకంటే తలుపు పట్టేసిన సంగతి ఏడాదంతా ఎవరికో ఒకరికి తెలుస్తూనే ఉంటుంది.

మొన్న భాద్రపదంలో వెళ్ళి, మేడ మీద తూముల్లో సరుగుడు సూదులు తీయించి, ట్యాంకు కడిగించి, జనరేటరు తిప్పి చూసి, కిటికీ రెక్కల మడతబందులకు గ్రీజు రాయించాం. ఉప్పుగాలికి అవి రెండేళ్ళలో బిగుసుకుపోతాయి. కమిటీ లెక్కలు చూసేది మా మామయ్య మనవరాలే. చేపల వేలం దగ్గర లెక్కలు రాసి చెయ్యి తిరిగిన మనిషి. సాయంత్రం రిజిస్టరు తెచ్చుకుని నా పక్కన కూర్చుంది.

"పెద్దనాన్నా, గ్రీజు డబ్బాకీ, రాసిన గుంటడి కూలికీ ఏ పద్దు కింద రాయమంటావు? ఫారంలో కొత్త పనులకి గడుంది, తుపాను నష్టానికి గడుంది. ఏటీ అవకుండా ముందే చేసిందానికి గడి లేదు."

ఇతర ఖర్చుల కింద రాయించాను. ఆడిటుకు వచ్చినవాళ్ళు అడిగితే నాకు ఫోను చేయమని చెప్పి, డబ్బాలో మిగిలిన గ్రీజు వాలుబాట గేటుకు సరిపోతుందేమో చూడమన్నాను.